క్రియాటినిన్ నార్మలే, మరి డాక్టరు పొట్ట తగ్గించమన్నారెందుకు?

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను. వయసు 46. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. బీపీ 138/88. మూడు నెలల సగటు షుగర్ 6.1. రక్తంలో క్రియాటినిన్, అంటే కండల్లో పుట్టి కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, 1.1. మూత్రంలో ఏసీఆర్, అంటే అల్బుమిన్ అనే ప్రోటీన్‌కీ క్రియాటినిన్‌కీ ఉన్న నిష్పత్తి, 68. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1. "పొట్ట తగ్గించకపోతే కిడ్నీల మీదికి వస్తుంది" అని డాక్టరు అన్నారు. "క్రియాటినిన్ నార్మలే కదా, పొట్టకీ కిడ్నీకీ ఏం సంబంధం? భయపెట్టడానికి అన్నారా?" అని మీరు అడిగారు.

భయపెట్టడానికి కాదండి. ఆయన మీకు మంచి సమయంలో చెప్పారు. మీ రిపోర్టులో చూడాల్సిన అంకె క్రియాటినిన్ కాదు, ఆ 68. ఏసీఆర్ 30 లోపు ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే వడపోత గోడలోంచి ప్రోటీన్ కారడం మొదలైందని అర్థం. మీ వయసుకీ క్రియాటినిన్‌కీ లెక్క కడితే ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీల వడపోత వేగం అంచనా, సుమారు 84 వస్తుంది. ఆ ఒక్క అంకె చూసి జబ్బు అనలేం. కానీ ఏసీఆర్ 30కి పైన మూడు నెలలు నిలిచి ఉంటే, క్రియాటినిన్ ఎంత బాగున్నా దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, రెండో దశ అనే అంటారు. వడపోత శక్తి దాదాపు సగం పోయేదాకా క్రియాటినిన్ నార్మల్ గీత దాటకపోవచ్చు. దాన్ని నమ్ముకుని కూర్చున్నవాళ్లు ఆలస్యంగా మేలుకుంటారు. మీరు ఇంకా వెనక్కి తిరగగలిగే చోటే ఉన్నారు.

ముందు ఆ 68 నిజమైనదో కాదో తేల్చుకోండి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు బరువులెత్తడం లేదా పరుగెత్తడం, ఆడవాళ్లకి నెలసరి, వీటిలో ఏది ఉన్నా అంకె ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. పొద్దున లేవగానే పోసిన మొదటి మూత్రం ఇవ్వండి. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేయిస్తే కనీసం రెండుసార్లు 30 దాటితేనే లెక్క. ల్యాబ్‌లో మామూలు మూత్ర పరీక్ష అడిగితే పట్టీ ముంచి "అల్బుమిన్ నిల్" అని రాసిస్తారు. 30–300 మధ్య ఉన్న కారడాన్ని ఆ పట్టీ చాలాసార్లు పట్టుకోలేదు. "యూరిన్ ఏసీఆర్" అని పేరు పెట్టి అడగండి. గల్ఫ్‌లోనో బ్రిటన్‌లోనో ఉండి చదువుతున్నవాళ్లు యూనిట్లు చూసుకోవాలి. అక్కడ మిల్లీమోల్ లెక్కలో ఇస్తే 3 అంటే మన 30.

ఇక అసలు విషయం. పొట్ట మీది కొవ్వు రెండు రకాలు. చర్మం కింద, వేళ్లతో పట్టుకుంటే చిక్కేది ఒకటి. పేగుల చుట్టూ, కాలేయంలో, కిడ్నీల చుట్టూ పేరుకునేది రెండోది. పొట్ట ముందుకొచ్చి గట్టిగా, బిర్రుగా ఉందంటే రెండో రకం ఎక్కువుందనుకోవచ్చు. మీ ఫ్యాటీ లివర్ కూడా ఆ సాక్ష్యమే. "గ్రేడ్ 1 అందరికీ ఉండేదే" అని పక్కన పెడుతుంటారు గానీ, లోపలి కొవ్వు గురించి స్కానింగ్ ఇచ్చే మొదటి సమాచారం అది.

ఈ లోపలి కొవ్వు ఊరికే నిలవ ఉండే సరుకు కాదు. బీపీని పెంచే యాంజియోటెన్సిన్ తయారీకి కావలసిన ముడిసరుకుని అది స్వయంగా తయారుచేస్తుంది. లెప్టిన్ అనే హార్మోన్ ద్వారా నరాల ఉద్రేకాన్ని పెంచుతుంది. ఇన్సులిన్ మాట వినకుండా చేస్తుంది, దాంతో రక్తంలో ఇన్సులిన్ మట్టం ఎక్కువగా ఉండిపోతుంది. మూడూ కలిసి కిడ్నీకి ఇచ్చే ఆజ్ఞ ఒకటే: ఉప్పుని బయటికి పోనివ్వకు, వెనక్కి లాక్కో.

కిడ్నీలో గొట్టం మొదటి భాగమే ఉప్పునంతా లాక్కుంటే, కింద ఉండే ఉప్పు కొలిచే కణాలకి తక్కువ ఉప్పు చేరుతుంది. "వడపోత తగ్గిపోయింది కాబోలు" అని అవి పొరబడి, వడపోత ఉండలోకి రక్తం తెచ్చే నాళాన్ని వెడల్పు చేస్తాయి. మరోపక్క యాంజియోటెన్సిన్ బయటికి పోయే నాళాన్ని ఇరుకు చేస్తుంది. లోపలికి వచ్చే వాల్వు బార్లా తెరిచి, బయటికి పోయేదాన్ని బిగించినట్టు. మధ్యలో ఉన్న సన్నని రక్తనాళాల ఉండ, గ్లోమెరులస్, ఆ ఒత్తిడికి ఉబ్బుతుంది. ఈ దశలో వడపోత తగ్గదు, పెరుగుతుంది. అందుకే తొలి సంవత్సరాల్లో రిపోర్టులు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి.

ఆ ఉండని పైనుంచి చుట్టుకుని పోడోసైట్లు అనే కణాలుంటాయి. రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి దూర్చి పట్టుకున్నట్టు అల్లుకుని, ప్రోటీన్ జారిపోకుండా కాపు కాసేవి అవే. చిక్కేమిటంటే, పెద్దయ్యాక ఈ కణాలు విభజన చెంది కొత్తవాటిని పుట్టించలేవు. ఉండ పెద్దదవుతుంటే ఉన్న కణాలే సాగి కప్పాలి. చాలీచాలని దుప్పటి తల మీదికి లాగితే కాళ్లు బయటపడినట్టు, ఎక్కడో ఒకచోట గోడ బయటపడుతుంది. అక్కణ్నుంచే అల్బుమిన్ కారుతుంది. తర్వాత ఆ చోట మచ్చ కడుతుంది. పోడోసైట్లకి మేలు చేసే అడిపోనెక్టిన్ అనే హార్మోన్ లోపలి కొవ్వు పెరిగేకొద్దీ తగ్గిపోవడం ఇంకో దెబ్బ. బాగా లావున్నవాళ్ల మూత్రంలో విపరీతంగా ప్రోటీన్ పోవడాన్ని 1974లోనే వైద్యులు రాశారు. ఇది కొత్తగా కనిపెట్టిన భయం కాదు.

దీనికి తోడు యాంత్రికమైన నొక్కుడు కూడా ఉంది. కిడ్నీ మధ్యలో నాళాలు దూరే గుంటలో కొవ్వు చేరి, పలుచని గోడలున్న సిరల్ని నొక్కుతుంది. పొట్టలో ఒత్తిడి పెరిగి కిడ్నీ నుంచి రక్తం తేలిగ్గా బయటికి పోదు. ఇక షుగరు, బీపీ, యూరిక్ యాసిడ్, రాళ్లు, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, ఇవన్నీ పొట్టతోనే వచ్చి కిడ్నీని తలో చేయీ వేసి దెబ్బతీస్తాయి.

"నేనేం అంత లావు కాదు కదా" అని రాశారు. మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చిన బరువు లెక్క, 27.6. మనకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం, కాబట్టి లావు కిందే లెక్క. అయినా మన ఒళ్ల విషయంలో బీఎంఐ పూర్తి కథ చెప్పదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోనే 2004లో ఒక వైద్య పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు శాతం కొలిస్తే యుడ్కిన్‌కి 9.1, యాజ్ఞిక్‌కి 21.2. సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు మోసే ఒళ్లు మనది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో బీఎంఐ ప్రకారం ఊబకాయం 28.6 శాతం ఉంటే, పొట్ట ఊబకాయం 39.5 శాతం తేలింది. పొట్ట ఉండి, చేతులూ కాళ్లూ సన్నగా ఉన్నవాళ్లకి ఇంకో మోసం ఉంది: కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ తక్కువగా తయారవుతుంది, కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. అలాంటివాళ్లు ఒకసారి, కండ మీద పెద్దగా ఆధారపడకుండా కిడ్నీ పనితీరు చూపే సిస్టాటిన్ సి రక్తపరీక్ష గురించి డాక్టర్ని అడగడం మంచిది. అయితే థైరాయిడ్ తేడా ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా, బాగా లావున్నా అదీ కొంచెం తప్పుతుంది. రెండూ కలిపి చూడాలి.

నడుము కొలత ఇంట్లోనే తీసుకోండి. ప్యాంటు సైజుని నమ్మొద్దు. మగవాళ్లం బెల్టు పొట్ట కింద కడతాం, పదేళ్లుగా 36 సైజే వేసుకుంటూ పొట్ట 41 అంగుళాలకి చేరినవాళ్లు కోకొల్లలు. దర్జీ టేపు తీసుకోండి. పక్కటెముకల్లో చివరిది ఎక్కడ ముగుస్తుందో, తుంటి ఎముక పై అంచు ఎక్కడుందో వేలితో తడిమి, రెండింటికీ సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెట్టండి. పరగడుపున, బట్ట అడ్డం లేకుండా, పాదాలు జానెడు దూరంలో పెట్టి నిలబడండి. టేపు వెనకాల జారిపోకుండా అద్దంలో చూసుకోండి. మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా చదవండి. మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు హద్దు. ఎత్తులో సగం దాటకూడదనేది ఇంకో లెక్క, మీకు అది 84. ఉన్నది 102. ఒక్కసారిగా 84కి రానక్కర్లేదు. మొదటి ఆరు నెలల్లో 5 సెంటీమీటర్లు తగ్గినా కిడ్నీకి తేడా తెలుస్తుంది.

ఉద్దానం గురించి కూడా అడిగారు, మీ అత్తగారి ఊరు అటే అని. అది వేరే జబ్బు. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీలు పాడైనవాళ్లలో చాలామంది ఎండలో కష్టం చేసే బక్కపలచని రైతులు, కూలీలు. షుగరూ ఉండదు, మూత్రంలో ప్రోటీనూ పెద్దగా పోదు. దెబ్బ ఎక్కువగా గొట్టాల వైపు తగులుతుంది. అక్కడి మాట మీకు, మీ మాట అక్కడ వర్తించవు.

ఇప్పుడు చేయాల్సినవి. అన్నిటికంటే ముందు ఉప్పు. పైన చెప్పినట్టు మీ కిడ్నీ ఉప్పుని పట్టుకుని వదలదు, అందుకే అదే ఉప్పు సన్నటి మనిషికంటే మీకు ఎక్కువ బీపీ పెంచుతుంది. ప్రోటీన్ కారడం తగ్గించే మందులు కూడా ఉప్పు ఎక్కువైతే సగం పనే చేస్తాయి. రోజుకి మనిషికి 5 గ్రాములు, తలకొట్టిన ఒక టీస్పూన్. ఇంట్లో ఇలా లెక్క చూడండి: నలుగురున్న ఇంట్లో నెలకి కిలో ప్యాకెట్ అయిపోతే తలా 8 గ్రాములు దాటినట్టే. వేసవిలో ఆవకాయకి కలిపిన ఉప్పు ఇందులో చేరలేదు. ఒక చెంచా ఊరగాయలోనే గ్రాము దాకా ఉంటుంది. ఊరగాయ, అప్పడం, వడియాలు, ఊరమిరపకాయలు రోజూ కాకుండా ఆదివారానికి పెట్టుకోండి. పెరుగన్నంలో ఉప్పు మానేయండి. చారు, పులుసుల్లో చింతపండు, నిమ్మరసం, వెల్లుల్లి కొంచెం పెంచితే ఉప్పు తగ్గించినా చప్పగా తగలదు, కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. షాపుల్లో "లో సోడియం" అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. మీరు వాడబోయే బీపీ మందులు కూడా పొటాషియం పెంచేవే. డాక్టర్ని అడక్కుండా అది వద్దు.

అన్నం మానేయొద్దు, కొలవండి. వంద గ్రాముల బియ్యం అంటే సుమారు 350 క్యాలరీలు. రైస్ కుక్కర్‌తో వచ్చే కొలత కప్పు దాదాపు 150 గ్రాములు పడుతుంది. ఇప్పుడు పూటకి తినేదాంట్లోంచి అందులో సగం, అంటే 70–75 గ్రాముల బియ్యం, తగ్గించి ఆ జాగాలో బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, దొండకాయ కూర పెట్టుకోండి. రెండు పూటలకీ కలిపి రోజుకి 500 క్యాలరీల తేడా వస్తుంది, వారానికి అర కిలో దగ్గర తగ్గుతారు. కానీ కూరలో నూనె తేలితే ఆ లెక్కంతా పోతుంది. తలకి నెలకి అర లీటరు నూనె చాలు. టీలో రెండు చెంచాల చక్కెర చొప్పున నాలుగు కప్పులు తాగితే 160 క్యాలరీలు ఊరికే పోతాయి. కూల్‌డ్రింకులు, మద్యం పూర్తిగా పక్కన పెట్టండి, రెండూ నేరుగా కాలేయంలో కొవ్వుగా చేరేవే.

ప్రోటీన్ విషయంలో రెండు వైపులా తప్పులు జరుగుతాయి. "ప్రోటీన్ పోతోంది కాబట్టి పౌడర్ తాగు" అనేవారు ఒక పక్క, "కిడ్నీ కదా, పప్పు కూడా ముట్టొద్దు" అనేవారు ఇంకో పక్క. మీ దశలో రోజుకి 55–65 గ్రాములు సరిపోతుంది. 30 గ్రాముల కందిపప్పులో 6–7 గ్రాములు, ఒక గుడ్డులో 6, ఒక గ్లాసు పెరుగులో 6–7, వంద గ్రాముల చికెన్‌లో 20 పైన ఉంటాయి. జిమ్ పౌడర్లు, ప్రోటీన్ ఎక్కువుండే కీటో పద్ధతులు మీకు వద్దు, ఇప్పటికే ఒత్తిడిలో ఉన్న వడపోతని అవి ఇంకా పెంచుతాయి. డయాలసిస్‌కి దగ్గర పడినవాళ్ల డైట్ చార్టు తెచ్చి కూరగాయలు ఉడికించి నీళ్లు పారబోయడం, పళ్లు మానేయడం కూడా ఇప్పుడు అనవసరం.

పొట్ట మీద చేసే కసరత్తులు పొట్ట కొవ్వుని విడిగా కరిగించలేవు. నడకే కరిగిస్తుంది. బరువు తగ్గేటప్పుడు లోపలి కొవ్వే ముందు కదులుతుంది, త్రాసులో కిలో కూడా తగ్గకపోయినా టేపు మీద తేడా కనిపించేది అందుకే. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో నడవండి. మూడు పూటలా తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు నడిచినా అంతే మేలు. వారానికి రెండుసార్లు కండకి పని చెప్పండి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం దగ్గర మొదలుపెట్టొచ్చు.

ఇక్కడ ఒక గొలుసు చాలామందిని ముంచుతోంది, జాగ్రత్తగా చదవండి. ఒక్కసారిగా రోజుకి గంట నడక మొదలుపెడతారు. పదో రోజుకి మోకాళ్లు పట్టేస్తాయి. మందుల షాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్ ఏదో ఒకటి ఇస్తారు. పొద్దునా రాత్రీ వేసుకుంటూ నడుస్తారు. ఆ మాత్రలు కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని ఇరుకు చేస్తాయి. దానికి తోడు బీపీకి టెల్మిసార్టాన్ లాంటిదీ, మూత్రం పోయే మందూ ఉంటే కిడ్నీ ఒక్క వారంలో కుప్పకూలవచ్చు. పొట్ట తగ్గించి కిడ్నీని కాపాడుకోవాలని బయల్దేరి, ఆ ప్రయత్నంలోనే పోగొట్టుకుంటారు. నడక రోజుకి పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదు నిమిషాలు పెంచండి. నొప్పి వస్తే పైపూతా, వేడి కాపడం, అవసరమైతే పారాసెటమాల్.

పొట్ట కరిగిస్తామనే చూర్ణాలు, పొడులు, టీలు ఏవీ వద్దు. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రసెల్స్‌లో బరువు తగ్గించే క్లినిక్‌లో ఇచ్చిన మూలికల మాత్రల వల్ల దాదాపు వంద మంది ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి. ఒక మూలికకి బదులు అరిస్టొలోకియా జాతి మొక్క కలిసిపోయింది. మన దగ్గర ఈశ్వరి, గాడిదగడపాకు ఆ జాతివే. పచ్చి పాలకూర జ్యూసు రోజూ గ్లాసుడు తాగడం కూడా ప్రమాదమే, అందులోని ఆక్సలేట్ కిడ్నీ గొట్టాల్లో స్ఫటికాలు కడుతుంది. నాలుగైదు లీటర్ల నీళ్లు తాగి కిడ్నీని కడుగుదామనుకోకండి, దాహానికి తగ్గట్టు రెండు, రెండున్నర లీటర్లు చాలు, ఎండలో తిరిగితే ఇంకొంచెం.

మందుల సంగతి మీ డాక్టరుదే, అయితే ఎందుకిస్తారో తెలిస్తే మధ్యలో మానేయరు. మీ బీపీ 130/80 లోపు ఉండాలి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ తరహా మందులు బీపీ తగ్గించడమే కాదు, ఆ బిగిసిన బయటి వాల్వుని వదులు చేస్తాయి. మొదలుపెట్టిన 2–4 వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే మందు ఆపనక్కర్లేదు, ఒత్తిడి దిగిందనడానికి అది గుర్తు. 1.1 కాస్తా 1.3 అయిందని చాలామంది హడలిపోయి మానేస్తారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ బార్లా తెరిచిన లోపలి వాల్వుని మూస్తాయి. ఇవి షుగరు మందులుగా వచ్చినా, షుగరు లేని కిడ్నీ రోగులకీ పనిచేస్తాయని 2020, 2023లలో వచ్చిన పెద్ద ట్రయల్స్ చూపించాయి. మీకు ఇప్పుడే అవసరమా లేదా అన్నది ఏసీఆర్ ఎటు పోతుందో చూసి తేల్చాల్సిన విషయం. వాడితే మర్మావయవాల శుభ్రత ముఖ్యం, ఫంగస్ రావచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో, ఉపవాసాల్లో ఈ రెండు రకాల మందులూ తాత్కాలికంగా ఆపాలా అని ముందే అడిగి రాసుకోండి. షుగరూ బరువూ తగ్గించడానికి వారానికోసారి తీసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్, షుగరూ కిడ్నీ జబ్బూ కలిసి ఉన్న 3,533 మందిలో కిడ్నీకి సంబంధించిన పెద్ద ముప్పుల్ని 24 శాతం తగ్గించిందని 2024లో తేలింది. మీకు షుగరు ఇంకా రాలేదు, కాబట్టి ఆ ఫలితం నేరుగా మీది కాదు.

మీ విషయంలో పొట్టే కారణమని డాక్టరు అనుకోవడానికి ఆధారాలు బాగానే ఉన్నాయి, కానీ ప్రతి ప్రోటీన్ కారడాన్నీ పొట్ట మీద వేయకూడదు. పొట్ట వల్ల వచ్చేది నెమ్మదిగా పెరుగుతుంది, ప్రోటీన్ బాగా పోతున్నా కాళ్ల వాపు అరుదు. మొహం, కాళ్లు హఠాత్తుగా వాచినా, మూత్రంలో రక్తకణాలు కనిపించినా, ఏసీఆర్ 300 దాటినా, ఈజీఎఫ్‌ఆర్ ఏడాదికి ఐదు పాయింట్లకి మించి పడిపోతున్నా ఆలస్యం చేయకుండా కిడ్నీ డాక్టర్ని (నెఫ్రాలజిస్టుని) కలవండి. బయాప్సీ, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, అవసరం పడొచ్చు.

ఇది చదువుతున్నవాళ్ల ఇంట్లో డయాలసిస్ మీద ఉన్నవాళ్లుంటే, పైన చెప్పిన తిండి తగ్గించే సలహా వాళ్లకి చెప్పకండి. ఆ దశలో కండ కరిగిపోవడమే పెద్ద ప్రమాదం, ప్రోటీన్ కూడా ఎక్కువే కావాలి.

మూడు నెలల తర్వాత మళ్లీ ఏసీఆర్ చేయించినప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ అంకె రోజుకో రకంగా ఊగుతుంది. 68 కాస్తా 58 అయితే పండగ చేసుకోవద్దు, 80 అయితే కుంగిపోవద్దు. అదే ల్యాబ్‌లో, అదే పొద్దుటి మూత్రంతో 45కి దిగిందంటే నిజంగా తగ్గడం మొదలైనట్టు. రెట్టింపై 130 దాటిందంటే పొట్ట తగ్గినా సరే, డాక్టరు మందు మార్చాల్సిందే. ఆ రిపోర్టు, నడుము కొలత, ఇంట్లో వారం రోజులు పొద్దునా సాయంత్రం చూసుకున్న బీపీ అంకెలు ఒకే కాగితం మీద రాసి తీసుకెళ్లండి.